బంగాళాదుంపల రంగు

ఐండ్‌హోవెన్ స్టేషన్ ముందు బస్సెక్కితే అరగంట లోపే న్యూనెన్ వస్తుంది. నెదర్లాండ్స్ దక్షిణాన, నార్త్ బ్రబాంట్‌లో ఉన్న చిన్న ఊరు. పక్కనే వెల్డ్‌హోవెన్‌లో చిప్‌ల తయారీ యంత్రాలు చేసే ఏఎస్ఎంఎల్ కంపెనీ ఉండటంతో ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లు బాగానే స్థిరపడ్డారు. మా అమ్మాయీ అల్లుడూ ఉండేదీ అక్కడే. "నాన్నా, ఆ ఊరు చూడకుండా రాజమండ్రి వెళ్లావంటే నీకు నిద్రపట్టదు" అంటూ అమ్మాయే నన్ను వెంటపెట్టుకుని బయల్దేరింది.

విన్సెంట్ వాన్ గో 1883 డిసెంబరు నుంచి 1885 నవంబరు దాకా ఈ ఊళ్లో ఉన్నాడు. 'బంగాళాదుంపలు తినేవాళ్లు' అనే పెద్ద నూనెరంగుల చిత్రం ఇక్కడే వేశాడు. వాన్ గో అనగానే మనవాళ్లకి పసుపుపచ్చటి పొద్దుతిరుగుడు పూలు, సుళ్లు తిరిగే నీలాకాశం గుర్తొస్తాయి. అవన్నీ తర్వాతివి, ఫ్రాన్స్‌లో వేసినవి. న్యూనెన్‌లో ఆయన చేతిలో ఉన్నవి మట్టి రంగులు. ఒక ఇరుకు గది, పైనుంచి వేలాడే ఒకే ఒక్క దీపం, దాని కింద బల్ల చుట్టూ ఐదుగురు మనుషులు. ఏళ్ల తరబడి పిల్లలకి డ్రాయింగ్ నేర్పినవాణ్ని కాబట్టి నా కుతూహలమంతా ఒకచోటే ఉంది: ఇంత మసక రంగుల్లో అంత వేడి ఎక్కణ్ణుంచి వచ్చింది?

ఊరి మధ్య 'బెర్ఖ్' అనే వీధిలో వాళ్ల నాన్న థియోడోరస్ పాస్టరుగా ఉన్న ఇల్లు ఇప్పటికీ నిలబడే ఉంది. ఎదురుగా వాన్ గో విలేజ్ మ్యూజియం. 2010లో చిన్నగా మొదలై, 2023లో పెద్దదై, ఈ పేరుతో మళ్లీ తెరుచుకుంది. ఆయన ఎక్కడ నిలబడి ఏ బొమ్మ వేశాడో చెప్పే ఫలకాలు ఊరంతా పాతారు. పార్కులో ఆ ఐదుగురి కంచు విగ్రహాలు కూడా ఉన్నాయి. పిల్లలు ఎక్కి ఆడుకుంటుంటే ఎవరూ కసరడం లేదు.

పాస్టరు ఇంటి వెనక బట్టలుతికే గదినే మొదట విన్సెంట్ స్టూడియోగా చేసుకున్నాడు. తర్వాత కాథలిక్ చర్చిలో పనిచేసే షాఫ్రాట్ అనే ఆయన దగ్గర రెండు గదులు అద్దెకు తీసుకున్నాడు. ప్రొటెస్టంట్ పాస్టరు కొడుకు కాథలిక్ చర్చివాళ్ల ఇంట్లో అద్దెకుండటం ఆ ఊళ్లో చిన్న విషయం కాదు. అప్పట్లో న్యూనెన్‌లో ప్రొటెస్టంట్లు ఉన్నది పిడికెడు మందే.

ఆ మ్యూజియంలో నన్ను చాలాసేపు నిలబెట్టింది నేతగాళ్ల సంగతి. అప్పటి న్యూనెన్ నేతపని ఊరు. ఇళ్లలోనే మగ్గాలు. 1884 పొడుగునా విన్సెంట్ వాటినే గీశాడు, నూనెరంగుల్లోనూ వేశాడు. గది ఇరుకు కావడంతో మగ్గానికి దూరంగా జరిగి చూసే వీలు లేదని తమ్ముడు థియోకి రాసిన ఉత్తరాల్లో మొరపెట్టుకున్నాడు. మంగళగిరిలోనో పోచంపల్లిలోనో మగ్గం ఉన్న ఇంట్లోకి వెళ్లినవాళ్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది. గదిలో ముప్పాతిక భాగం మగ్గమే, మనిషి దాని లోపల ఎక్కడో ఉంటాడు. ఒక్క కిటికీ నుంచి వచ్చే వెలుగు కర్రల మధ్య ముక్కలుముక్కలుగా పడుతుంది. ఇంటిలోపలి బొమ్మ వేయడమంటే ముందు ఆ ఇంటి చీకటిని చదవడం. ఆ చదువు ఆయనకి ఈ మగ్గాల దగ్గరే అబ్బిందని నా నమ్మకం.

ఆ తర్వాతది తలల చదువు. 1884-85 చలికాలంలో రైతుల తలలు ఒకటి తర్వాత ఒకటి వేస్తూ పోయాడు. ఇవాళ మిగిలినవే నలభై దాటి ఉన్నాయి. టోపీ పెట్టుకున్న ముసలమ్మలు, దవడలు పొడుచుకొచ్చిన మగవాళ్లు, కిటికీకి వీపు పెట్టి కూర్చున్న యువతులు. విడిగా చేతులూ గీశాడు: గిన్నె పట్టుకున్న చెయ్యి, ఫోర్కు పట్టుకున్న చెయ్యి. నెలనెలా థియో పంపే 150 ఫ్రాంకుల్లోనే రంగులు కొనాలి, కాన్వాసు కొనాలి, ఎదుట కూర్చున్నవాళ్లకి నాలుగు డబ్బులివ్వాలి, తినాలి. పెద్ద బొమ్మ మొదలెట్టేనాటికి ఆ మొహాలు ఆయన చేతికి కంఠతా వచ్చేశాయి. ఇప్పుడు ఫోటో తీసుకుని, ప్రొజెక్టర్‌తో కాన్వాసు మీద పడేసి, గీతల మీద గీతలు దిద్దుకునే కుర్రాళ్లు చాలామంది నాకు తెలుసు. వాళ్లకి ఆ చలికాలం గురించి చెప్పాలని అక్కడ నిలబడే అనుకున్నాను.

ఆ ఐదుగురి కుటుంబం పేరు దె గ్రోట్. వాళ్ల గుడిసె గెర్వెన్ వైపు వెళ్లే దారి పక్కన ఉండేది. ఇప్పుడది లేదు. ఆ దారి వెంట నడిచాం. రెండువైపులా ముచ్చటైన ఇటుక ఇళ్లు, కార్లు, కత్తిరించిన పచ్చిక. పేదరికం ఆనవాలు మచ్చుకైనా లేదు. "ఇక్కడా నాన్నా ఉండేది?" అంది అమ్మాయి కాస్త నిరాశగా. నాకు నిరాశ లేదు. పొలాల మీది ఆకాశం కిందకి దిగి ఉంది, మధ్యాహ్నమే అయినా వెలుగు బూడిదరంగులో ఉంది. ఏడాదిలో చాలా నెలలు ఇంతేనని అమ్మాయి చెప్పింది. అలాంటి నేల మీద, చిన్న కిటికీల గుడిసెలో, సాయంత్రం దీపం వెలిగిస్తే ఆ దీపానికి ఎంత విలువ ఉంటుందో ఊహించుకోవచ్చు.

1885 మార్చి 26న విన్సెంట్ తండ్రి హఠాత్తుగా పోయాడు. ఏప్రిల్లో విన్సెంట్ ఈ చిత్రంలోకి దిగాడు. సాయంత్రాలు ఆ గుడిసెకి వెళ్లి, దీపం వెలుగులోనే అక్కడికక్కడ వేసుకునేవాడు. మొదటి చిన్న నమూనాలో మనుషులు నలుగురే. తర్వాత కొంచెం పెద్ద కాన్వాసు మీద ఐదుగురయ్యారు. ఆ రెండోది ఇప్పుడు ఒట్టర్లోలోని క్రోలర్-ముల్లర్ మ్యూజియంలో ఉంది. చివరికి 82 సెంటీమీటర్ల ఎత్తు, 114 సెంటీమీటర్ల వెడల్పున్న కాన్వాసు తీసుకుని, ఈసారి గుడిసెలో కాకుండా స్టూడియోలో, ఎక్కువభాగం జ్ఞాపకం మీద పూర్తిచేశాడు. ఎదురుగా మనుషుల్ని కూర్చోబెట్టుకుని నేర్చుకున్నదాన్ని, వాళ్లు ఎదురుగా లేనప్పుడు వేశాడు. ఇది తెలియకపోతే ఆ బొమ్మలోని కొన్ని వంకరలు తప్పులుగానే కనిపిస్తాయి. ఆ సంగతికి తర్వాత వస్తాను.

అసలు చిత్రం ఆమ్‌స్టర్‌డామ్‌లోని వాన్ గో మ్యూజియంలో ఉంది. ఐండ్‌హోవెన్ నుంచి రైలు నేరుగా వెళుతుంది. 1973లో తెరిచిన మ్యూజియం అది. పక్కనే రైక్స్‌మ్యూజియం, అందులో రెంబ్రాంట్. జనమంతా పొద్దుతిరుగుడు పూల దగ్గర మూగుతారు కాబట్టి దీని ముందు కొంచెం తీరిగ్గా నిలబడనిచ్చారు.

మొదటి చూపుకి నల్లగా ఉంటుంది. మామూలు నలుపు కాదు, ఆకుపచ్చ కలిసిన గోధుమ నలుపు. నిమిషం ఆగితే కళ్లు అలవాటు పడి గది తెరుచుకోవడం మొదలవుతుంది. ముందు దీపం, తర్వాత దాని కింద ముసలమ్మ నెత్తిమీది తెల్లటి టోపీ, తర్వాత పళ్లెంలోంచి లేచే ఆవిరి, తర్వాత చేతులు. ఇంకా ఆగితే పై దూలాలు, ఎడంపక్క గోడ మీద గడియారం, దాని దగ్గర శిలువ బొమ్మ ఉన్న చిన్న పటం, వెనక కిటికీలు. ఎడమ చివర కుర్చీలో టోపీ పెట్టుకున్న యువకుడు. ఆ కుర్చీ వీపు మీదే 'విన్సెంట్' అనే సంతకం. అతని పక్కన దె గ్రోట్‌ల అమ్మాయి గోర్డినా, దుంపల పళ్లెం వైపు ఫోర్కు చాచి. కుడి చివర ముసలమ్మ తలవంచి కప్పుల్లో కాఫీ వంపుతోంది, ఆమె పక్కన పెద్దాయన కప్పు పట్టుకుని ఉన్నాడు. మధ్యలో మనవైపు వీపు పెట్టి నిలబడ్డ చిన్నపిల్ల.

ఈ పిల్లే నాకు ఆ బొమ్మకి ఆయువుపట్టుగా కనిపించింది. మొహం కనిపించదు, ఏ పనీ చేయదు. కానీ వెలుగుకీ మనకీ మధ్య నిలబడింది. ఆవిరి ఆమెకి అవతల లేస్తోంది కాబట్టి చీకటి ఆకారం చుట్టూ సన్నటి వెలుగు అంచు ఏర్పడింది. ఆ ఒక్క చీకటి ముద్ద అక్కడ లేకపోతే గదికి లోతు లేదు, దీపానికి బలం లేదు. మనుషులు నిండిన గదిని వేసేవాళ్లు అందరి మొహాలూ చూపించాలని తాపత్రయపడతారు. పెళ్లి గ్రూపు ఫోటోలా అందరూ మనవైపు తిరిగేస్తారు, గది చచ్చిపోతుంది. వాన్ గో మొదటి నమూనాకీ తర్వాతి చిత్రాలకీ మధ్య ఈ ఐదో మనిషిని చేర్చడంలోనే అసలు నిర్ణయం ఉందని నాకు అనిపించింది.

టోపీల దగ్గరికి వద్దాం. దూరం నుంచి తెల్లగా మెరుస్తాయి. గార్డు అనుమతించినంత దగ్గరికి వెళ్లి చూశాను. తెలుపు అనదగ్గ తెలుపు ఎక్కడా లేదు. బూడిద, అందులో కొంచెం నీలం, కొంచెం ఆకుపచ్చ, అంచున పసుపు తగిలిన ఒక కుంచె దెబ్బ. చుట్టూ అంతకన్నా చీకటి ఉంది కాబట్టి మన కన్ను దాన్ని తెలుపుగా చదువుకుంటోంది. చేతులు ఇంకా చిత్రం. పెద్దాయన వేళ్ల కణుపులు ఒక్కొక్కటీ ఒక్క మొరటు గీతతో పెట్టినవే, రంగు గట్టుకట్టి ఉంది. ఎక్కడా మెత్తగా కలపలేదు. మొహాల మీద ఆకుపచ్చ తిరిగిన గోధుమ, దాని పక్కనే ఇటుక ఎరుపు. మామూలుగా చర్మానికి ఎవరూ వాడని జత అది. అయినా ఆ మొహాలకి వేడి ఉంది.

ఈ రంగు ఎలా వచ్చిందో ఆయన ఉత్తరాల్లో దాచకుండా చెప్పాడు. ముందు ఆ తలల్ని ఎల్లో ఓకర్, రెడ్ ఓకర్, తెలుపు కలిపి మామూలు చర్మం రంగులో వేశాడట. పూర్తయ్యాక చూస్తే మరీ లేతగా, అబద్ధంగా తోచాయి. మొహమాటం లేకుండా అన్నిటినీ మళ్లీ వేశాడు. ఈసారి తీసుకున్న రంగు, తొక్క తీయని, మట్టి అంటిన బంగాళాదుంపది. ఆ రైతులు ఏ మట్టిలో పనిచేస్తున్నారో ఆ మట్టితోనే వేసినట్టుండాలన్నది ఆయన పట్టుదల. ఫ్రెంచి చిత్రకారుడు మిలే వేసిన రైతు బొమ్మల గురించి చదివిన మాట ఒకటి ఆయన మనసులో నాటుకుపోయింది. ఏ చేతులతో నేల తవ్వారో ఆ చేతుల్నే పళ్లెంలో పెడుతున్నారని, ఆ తిండి వాళ్లు నిజాయితీగా సంపాదించుకున్నదని బొమ్మ చెప్పాలనుకున్నాడు. ఇది పేదలమీద జాలి కాదు, గౌరవం. అందుకే వాళ్లని అందంగా తీర్చడానికి ఒప్పుకోలేదు.

తెలుపు గురించి చెప్పింది మరీ ఆసక్తికరం. ఈ చిత్రంలో తెలుపు చాలావరకు వాడలేదనీ, వెర్మిలియన్, పారిస్ బ్లూ, నేపుల్స్ ఎల్లో కలిపితే వచ్చే మధ్యస్థపు బూడిద రంగునే తెలుపుగా నడిపించాననీ రాశాడు. పారిస్ బ్లూ అంటే మన దుకాణాల్లో ప్రష్యన్ బ్లూ పేరుతో దొరికేదే.

ఇది చదివి ఊరుకోబుద్ధి కాలేదు. ఐండ్‌హోవెన్‌లో రంగుల దుకాణం వెతికి ఆ మూడు ట్యూబులూ, ఒక చిన్న సీసా అవిసె నూనె, ఒక నలుపు, ఒక తెలుపు కొన్నాను. పూర్వపు వెర్మిలియన్ పాదరసం, గంధకాల సమ్మేళనం. నేపుల్స్ ఎల్లోలో సీసం ఉండేది. ఇప్పుడు వాటి స్థానంలో అదే ఛాయ ఇచ్చే నిరపాయమైన రంగులు వస్తున్నాయి కాబట్టి ఆయన చూసినదాన్నే నేనూ చూశానని చెప్పను. కానీ సూత్రం అదే. అల్లుడు భోజనాల బల్ల మీద పాత పేపర్లు పరిచిచ్చాడు. పింగాణీ పళ్లెం మీద పసుపు ఎక్కువగా తీసుకుని, వెర్మిలియన్ చిటికెడు కలిపితే ముదురు నారింజ వచ్చింది. ప్రష్యన్ బ్లూ మహా ఉగ్రమైన రంగు, సూదిమొన మీద తీసుకున్నంత చాలు. అది తగలగానే నారింజ ఒక్కసారిగా చల్లారి ఆకుపచ్చకి తిరిగింది. మళ్లీ కాస్త ఎరుపు. అప్పుడొచ్చింది, ఏ పేరుతోనూ పిలవలేని బూడిద రంగు. వేడి బూడిద. పక్కనే నలుపూ తెలుపూ కలిపి ఇంకో బూడిద చేసి పెట్టాను. అమ్మాయి చూసి, "అది సిమెంటులా ఉంది నాన్నా, ఇది మాత్రం ఊపిరి పీలుస్తున్నట్టుంది" అంది.

తేడా ఎక్కడుందంటే, నలుపు తెలుపుల బూడిదలో చెప్పుకోవడానికి రంగే లేదు. మూడు రంగుల బూడిదలో మూడూ దాగి ఉన్నాయి. పసుపు పక్కన పెడితే అందులోని నీలం పైకి తేలుతుంది, నీలం పక్కన పెడితే ఎరుపు పలుకుతుంది. అదే రంగును టోపీకి, గోడకి, చొక్కా చేతికి, ఆవిరికి పెట్టినా ప్రతిచోటా వేరేలా కనిపిస్తుంది. అన్నిటిలోనూ అవే మూడు రంగులున్నాయి కాబట్టి గదంతా ఒకే గాలిలో ఉన్నట్టు కలిసిపోతుంది. ఐదుగురు మనుషులు ఒకే దీపం కింద ఉన్నారని కన్ను నమ్మేది అందువల్లే. మసక రంగులంటే రంగు తగ్గించడమనుకుంటారు చాలామంది. బర్న్ట్ అంబర్ ట్యూబు పిండి, నలుపు కలిపి, అంతా పూసేసి 'పాతకాలపు వేడి రంగు' అంటారు. అది రంగు తగ్గించడం కాదు, రంగు మానేయడం. మసక రంగులకి పట్టే శ్రమ మెరిసే రంగులకి పట్టదు. ఇది నేను నేర్పిన పాఠమే అయినా, ఆ చిత్రం ముందు నిలబడ్డాకే పూర్తిగా నమ్మకం కుదిరింది.

నూనెరంగుల స్వభావమూ ఇక్కడ కలిసొచ్చింది. నీటిరంగు ఆరాక లేతబడుతుంది, వెనక్కి వెళ్లి సవరించనివ్వదు. నూనె రోజుల తరబడి తడిగా ఉంటుంది, తప్పు దిద్దుకోనిస్తుంది, వేసిన తలని మళ్లీ వేయనిస్తుంది. ఒక చిక్కు మాత్రం ఉంది. ముదురు రంగుల్లో నూనె కిందికి ఇంకిపోయి, ఆరాక అక్కడక్కడా మచ్చలుగా మొద్దుబారుతుంది, చీకటిలో ఉన్న తేడాలన్నీ మాయమవుతాయి. వాన్ గోకి ఈ ఇబ్బంది తెలుసు. బొమ్మను ఐండ్‌హోవెన్‌లో ఉన్న తన మిత్రుడు అంటోన్ కెర్సెమేకర్స్ ఇంటికి తీసుకెళ్లి, కొన్నాళ్లు ఆరనిచ్చి, దానిమీద కోడిగుడ్డు తెల్లసొన పూయాలని ఏర్పాటు చేసుకున్నాడు. కెర్సెమేకర్స్ తోళ్ల వ్యాపారి, విన్సెంట్ దగ్గర బొమ్మలు నేర్చుకునేవాడు. తెల్లసొన తాత్కాలికంగా వార్నిష్‌లా పనిచేసి మొద్దుబారిన చీకట్లను మళ్లీ మాట్లాడిస్తుంది. మే మొదట్లో చిత్రం పారిస్‌లోని థియోకి చేరింది.

దాన్ని ఎలా చూడాలో కూడా రాసి పంపాడు. బంగారు రంగు చట్రంలో పెట్టమన్నాడు, లేదా పండిన గోధుమ చేను రంగున్న గోడకి తగిలించమన్నాడు. మసక గోడకి పెట్టొద్దనీ, నీలంతో వేసిన నీడలకి బంగారు రంగే ప్రాణం పోస్తుందనీ రాశాడు. మసక రంగుల్లో పనిచేసేవాళ్లు చట్రం గురించి ఎందుకంత పట్టించుకోవాలో ఈ మాటతో తెలిసిపోతుంది. దీపం పసుపు గదిలో ఒక్కచోటే ఉంది. చట్రం బంగారం ఆ పసుపును బయటినుంచి అందుకుంటే లోపలి బూడిదల్లోని నీలం పలుకుతుంది. తర్వాత థియో, ఆయన భార్య జో, పారిస్ ఇంట్లో భోజనాల గదిలో పొయ్యి పైన దీన్ని తగిలించుకున్నారు. ఇంతకన్నా తగిన చోటు నాకు తోచదు.

అప్పట్లో మెచ్చినవాళ్లు తక్కువ. పారిస్‌లో ఇంప్రెషనిస్టుల వెలుగు రంగుల కాలమది. ఈ చీకటి గది ఎవరికి కావాలి? పెద్ద చిత్రం పూర్తికాకముందే, ఐండ్‌హోవెన్‌లోని గెస్టెల్ ముద్రణాలయంలో రాతి పలక మీద జ్ఞాపకంగా ఒక్కరోజులో గీసి లిథోగ్రాఫ్ ప్రతులు తీయించాడు. రాతి మీద గీసింది కాగితం మీద తిరగబడి పడుతుంది కాబట్టి అందులో ముసలమ్మ ఎడమకి వచ్చింది. అందులో ఒక ప్రతి చూసి మిత్రుడు, చిత్రకారుడు అంటోన్ వాన్ రాపార్డ్ కఠినంగా రాశాడు: చేతులు సరిగ్గా లేవు, కాఫీ కెటిల్ బల్లమీదా లేదు, చేతిలోనూ లేదు, కుడివైపు మనిషికి మోకాలూ పొట్టా ఊపిరితిత్తులూ ఉండక్కర్లేదా, ఇలాంటి పనితో మిలే పేరెత్తుతావా అని. విన్సెంట్ ఆ ఉత్తరాన్ని ఆయనకే తిప్పి పంపాడు. ఆ ఏడాదిలోనే స్నేహం తెగిపోయింది.

రాపార్డ్ చెప్పిన వంకరలు నిజమే. ఐదుగురిలో ఎవరి చూపూ ఎవరితోనూ సూటిగా కలవదు. విడివిడిగా నేర్చుకున్న తలల్ని తర్వాత ఒకచోటికి చేర్చిన అతుకు కనిపిస్తుంది. భుజాల కొలతలు కుదరవు. డ్రాయింగ్ మాస్టారుగా నేను మార్కులు వేయాల్సివస్తే అనాటమీకి కోత పెట్టేవాణ్ని. కానీ బొమ్మకి? అక్కడ రాపార్డ్ చూపు అందలేదు. ఆయన చూసింది నలుపు తెలుపుల ప్రతిని. గదిని కలిపి నిలబెట్టిన దారం రంగులో ఉంది. అది లిథోగ్రాఫ్‌లో లేదు. చూపులు కలవని ఐదుగురిని వెలుగు కలిపింది. రోజంతా పొలంలో ఒంచిన నడుముతో పనిచేసి వచ్చినవాళ్లు భోజనాల దగ్గర ఒకళ్ల కళ్లలోకి ఒకళ్లు చూసుకుంటూ కూర్చోరు. మౌనంగా తింటారు. నాకు తెలిసిన రైతు ఇళ్లలోనూ అంతే.

ఆ వేసవి చివర ఊళ్లో ఇంకో గొడవ రేగింది. పెళ్లికాని గోర్డినా గర్భవతి అయితే అనుమానం విన్సెంట్ మీద పడింది. తనకు సంబంధం లేదని ఆయన అన్నాడు. కాథలిక్ పూజారి మాత్రం ఆయన బొమ్మలకి ఎవరూ కూర్చోవద్దని తన ఊరివాళ్లకి చెప్పాడు. మనుషులు దొరక్క పక్షి గూళ్లు, దుంపల బుట్టలు వేసుకున్నాడు. నవంబరులో ఊరు విడిచి ఆంట్‌వెర్ప్ వెళ్లిపోయాడు. మళ్లీ న్యూనెన్ రాలేదు. ఆ మధ్యలో అక్టోబరులో కెర్సెమేకర్స్‌తో కలిసి, కొత్తగా తెరిచిన రైక్స్‌మ్యూజియంకి వెళ్లాడు. రెంబ్రాంట్ 'యూదు వధువు' ముందు కూర్చుని లేవనన్నాడని కెర్సెమేకర్స్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఫ్రాన్స్ హాల్స్ వాడిన నలుపుల్లోనే ఇరవై ఏడు రకాలు ఉన్నాయని థియోకి రాసిందీ ఆ రోజుల్లోనే. నలుపులో ఇరవై ఏడు చూసిన కన్ను అది. రెండేళ్ల తర్వాత, రంగులు పూర్తిగా మారిపోయిన పారిస్ రోజుల్లో కూడా, చెల్లెలు విల్లెమీన్‌కి రాస్తూ న్యూనెన్‌లో వేసిన దుంపలు తినే రైతుల బొమ్మే తాను చేసినవాటిలో మేలైనదన్నాడు.

1991 ఏప్రిల్లో దొంగలు వాన్ గో మ్యూజియం నుంచి ఇరవై చిత్రాలు ఎత్తుకెళ్తే వాటిలో ఇదీ ఉంది. గంటలోపే వదిలేసిన కారులో దొరికాయి. 2021లో మ్యూజియం ఈ ఒక్క చిత్రం మీదే ప్రత్యేక ప్రదర్శన పెట్టి, ఆ గుడిసె గదిని నిజం కొలతలతో కట్టి, సందర్శకుల్ని లోపల కూర్చోనిచ్చింది. ఆ గదిలో కూర్చునే భాగ్యం నాకు దక్కలేదు. మన ఆర్ట్ కాలేజీలు ఏదైనా ఒక చిత్రానికి అలాంటి గది కట్టి పిల్లల్ని కూర్చోబెడితే ఎంత నేర్చుకుంటారో!

రాజమండ్రిలో దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి పిల్లల్ని తీసుకెళ్లిన ప్రతిసారీ ఒక ప్రశ్న వేసేవాణ్ని: మీ ఇంటి లోపలి వెలుగు ఏ రంగు? జవాబు చాలామందికి తెలియదు. ఇప్పుడు ఇళ్లనిండా ఎల్‌ఈడీ తెలుపే కాబట్టి అడగడం మరీ అవసరం. పూరిళ్లు, గుడి గోపురాలు, బతుకమ్మలు, గోదావరి పడవలు మన చిత్రకారులు కావలసినన్ని వేశారు. నలుగురు కూర్చుని అన్నం తినే వంటింటి సాయంత్రం, మగ్గం గదిలో నడిమధ్యాహ్నం, కరెంటు పోయినప్పుడు పెట్టిన ఎమర్జెన్సీ లైటు కింద పిల్లల చదువు నూనెరంగుల్లో అంతగా కనిపించవు. అవి అందంగా ఉండక్కర్లేదు. ఎదుట ఉన్న మనుషుల్ని గౌరవించి, ఆ గదిలో ఉన్న వెలుగుతోనే వేస్తే చాలు.

ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లే తెలుగువాళ్లకి ఒక మనవి. వాన్ గో మ్యూజియం టికెట్ ముందుగానే ఆన్‌లైన్‌లో, తేదీ, సమయం ఎంచుకుని కొనుక్కోవాలి. అప్పటికప్పుడు వెళితే లోపలికి పోలేరు. పొద్దుతిరుగుడు పూలు చూశాక ఈ చీకటి గది ముందు కనీసం పావుగంట ఆగండి. ఫోన్ తీయకండి, ఫోన్ ఆ బూడిదల్ని తెల్లగా చేసి చూపిస్తుంది. మీ పిల్లల్లో ఎవరైనా బొమ్మలు వేసేవాళ్లుంటే వెళ్లేముందు ఆయన ఉత్తరాలు చదివించండి. ఇంగ్లీషు అనువాదంతో సహా అన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉన్నాయి. 1885 ఏప్రిల్, మే నెలలవి చాలు.